అన్నదమ్ములిద్దరికీ ఒకటే రిపోర్టు

మా తమ్ముడు దాదాపు ఏడు నెలల పాటు నా రక్తపరీక్ష రిపోర్టును తన చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. జిరాక్సు తీయించి ఇచ్చింది నేనే. ముప్ఫై ఏళ్ళుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నవాణ్ణి. నల్లబల్ల మీద ఎర్ర సుద్దతో, నీలం సుద్దతో గుండె బొమ్మ వేశానంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీలోంచి తొంగి చూస్తారని పేరున్నవాణ్ణి. ఈ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది. అయితే మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికే బంధువులందరికీ చెప్పేశారు కాబట్టి నేను దాచినా దాగేది కాదు.

అనంతపురంలో మా స్కూలు టీచర్ల కోసం ఒకరోజు ఆరోగ్య శిబిరం పెట్టారు. పరగడుపున రమ్మంటే వెళ్ళాను. చెయ్యి చాచి, మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. రక్తకణాల గురించి గంటల తరబడి మాట్లాడగలను గానీ, నా రక్తం సూదిలోకి ఎక్కుతుంటే చూడలేను. రెండు రోజుల తర్వాత రిపోర్టు చేతికి వచ్చింది. కాగితం నిండా అంకెలు. ఇచ్చిన నర్సు అమ్మాయి వాటి మీద ఒకసారి కళ్ళు పరిగెత్తించి, “మీ మంచి కొలెస్ట్రాల్ బాగుంది సార్” అంది. తర్వాత ఇంకేదో చెప్పబోయింది. నా వెనక లెక్కల మాస్టారు తొందరపడుతున్నాడు. నాకూ ఆ ఒక్క మాట చాలనిపించింది, కాగితం తీసుకుని బయటికి వచ్చేశాను.

హెచ్.డి.ఎల్. అని ఉన్నచోట అరవై రెండు అని ఉంది. మగవాళ్ళకు నలభై పైన ఉంటే మంచిదని పక్కనే అచ్చు వేశారు. పాస్ మార్కులు నలభై, నాకు వచ్చినవి అరవై రెండు. ఫస్ట్ క్లాసు. ఈ వయసులో నాకు మార్కులు వేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ సంతోషం కొంచెం ఎక్కువే అయింది. సరిగ్గా దాని పై వరసలో ఎల్.డి.ఎల్. అని, నూట డెబ్బై నాలుగు అని, పక్కన హద్దు దాటిందని నల్లటి చుక్క కూడా ఉంది. చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను. చూసి, కాగితాన్ని ఆ వరస లోపలికి పోయేటట్లు మడిచాను. పరీక్షలో ఐదు ప్రశ్నలకు ఒక్కటే రాసి, ఆ ఒక్కదానికీ వచ్చిన మార్కులు ఇంట్లో చూపించే పిల్లలను నేను చాలామందిని చూశాను, తిట్టాను కూడా.

మంచి కొలెస్ట్రాల్ ఏం చేస్తుందో నాకు తెలియక కాదు. రక్తనాళాల గోడల దగ్గర మిగిలిపోయిన కొవ్వును ఎత్తుకుని కాలేయానికి చేరుస్తుంది. చెడ్డదనేది ఆ కొవ్వును తెచ్చి గోడల్లో దించుతుంది. ఇంతవరకు పాఠంలో ఉన్నదే. నా సొంత తెలివి ఆ తర్వాత మొదలవుతుంది. వీధి ఊడ్చే మనిషి గట్టివాడైతే ఎంత చెత్త పడితే మనకేమి అని నేను తీర్మానించుకున్నాను.

తీర్మానించుకుని ఊరుకుంటే నాతోనే పోయేది. కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్ళం అరడజను మందిమి ఉన్నాం. అందరం యాభై దాటినవాళ్ళమే. మూడు చుట్లు నడుస్తాం, గేటు బయట ఉన్న బండి దగ్గర ఆగుతాం. వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. నానబెట్టిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తిరగమాత వేసి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తే మా జిల్లాలో ఎవరూ వద్దనరు. నిజం చెప్పాలంటే మా నడక మొత్తం ఆ బండి కోసమే. అంతకుముందు నేను రెండు బజ్జీలతో ఆపేవాణ్ణి. రిపోర్టు వచ్చాక నాలుగుకు పెంచాను.

“ఏమప్పా సారూ, ఈ మధ్య బజ్జీలు ఎక్కువైనట్ల ఉండాయే?” అన్నాడు మాలో ఒకాయన, రిటైరైన బస్సు కండక్టరు.

“నాకేం భయం లేదన్నా. నాది అరవై రెండు,” అని జేబులోంచి కాగితం తీసి చూపించాను, మడత విప్పకుండా.

అప్పటి నుంచి గ్రౌండులో నా పేరు అరవైరెండు సారు. దానికి నేను నొచ్చుకోలేదు, పైగా పొంగిపోయాను. రోజూ ఒకరికి మంచి కొలెస్ట్రాల్ గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. నడవండి, పెరుగుతుంది అనేవాణ్ణి. చెనక్కాయలు తినండి, మన జిల్లా పంటే మన గుండెకు మందు అనేవాణ్ణి. అవి బజ్జీ పిండిలో ముంచి వేయించిన చెనక్కాయలని మాత్రం గమనించేవాణ్ణి కాదు. ఇంట్లో మా ఆవిడ ఒకరోజు కాగితం లాక్కుని మడత విప్పి చూసింది.

“ఈ నల్లచుక్క ఏంది?” అంది.

“అదేం లేదులే. నీకు అర్థం కాదు,” అన్నాను.

“చదవేస్తే ఉన్న మతి పోయిందంట,” అని కాగితం నా చేతిలో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా పొంగు వెనక ఒక భయం ఉందని మాత్రం ఆమెకు కూడా చెప్పలేదు. మా నాయన యాభై మూడో ఏట చేన్లోనే పోయాడు. చెనక్కాయ చెట్లు పెరికే రోజులు. పొద్దున్నుంచి వంగి పనిచేసినవాడు ఉన్నట్టుండి గట్టు మీద కూర్చుని, రొమ్ము పట్టుకుని, నీళ్ళడిగాడట. బిందె తెచ్చేలోపల అయిపోయింది. ఊళ్ళో అందరూ ఎండదెబ్బ అన్నారు. కార్తీకమాసంలో, ఒంటి మీద దుప్పటి లేకుండా నిద్రపట్టని చలిలో ఎండదెబ్బ ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకప్పుడు ఇరవై ఆరు, బి.ఇడి. చదివి ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. తమ్ముడికి ఇరవై రెండు. ఆ రోజు నుంచి మా ఇంట్లో గుండె అనే మాట ఎవరూ ఎత్తరు. నేను యాభై మూడు దాటిన ఏడాది పుట్టినరోజు నాడు మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను. యాభై ఆరులో ఈ అరవై రెండు కనబడేసరికి, నాయన దారి తప్పించుకున్నానని తెల్లకాగితం మీద రాసి ఇచ్చినట్లే అనిపించింది.

తమ్ముడికి ఆ ఏడే యాభై మూడు రాబోతోంది.

మా ఊరు బత్తలపల్లెకు దగ్గర. భాగాలు పంచుకున్నప్పుడు మెట్ట పైభాగం నాకు, కిందిది తమ్ముడికి వచ్చింది. నా భాగంలో బోరు వేస్తే మొదటిసారే నీళ్ళు పడ్డాయి. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి, ఇదే జల నేరుగా తమ్ముడి పొలంలోకి పోతోంది, నలభై అడుగుల అవతల వేసినా తప్పకుండా పడతాయి అని ఒట్టు పెట్టాడు. తమ్ముడు మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ తెల్లటి రాతిపొడి ఎగిరి అందరి మొహాల మీద పడింది. అప్పటి నుంచి నా బోరుకే పైపు వేసి ఇద్దరి పొలాలకూ పారిస్తున్నాడు. నేను టౌన్లో ఉద్యోగం చేసుకుంటాను, సేద్యమంతా వాడిదే. ఏదైనా ఇద్దరికీ ఒకటి చాలు అనుకోవడం మాకు అట్లా అలవాటైపోయింది.

రిపోర్టు వచ్చిన నెలలోపలే ఒక ఆదివారం ఊరికి వెళ్ళాను. మోటారు గది నీడలో కూర్చున్నాం. తమ్ముడు బీడీ తీసి, మళ్ళీ కట్టలో పెట్టేశాడు. వాడు అట్లా చేశాడంటే ఏదో అడగబోతున్నాడని అర్థం.

“అన్నా, ఒగ మాట అడుగుతా. నవ్వగూడదు.”

“అడుగురా.”

“కింద చేన్లో నుంచి గట్టెక్కి వచ్చేటప్పుడు ఈడ బరువుగా ఉంటాది,” అని అరచెయ్యి రొమ్ము మధ్యలో పెట్టుకున్నాడు. “రొంచేపు నిలబడితే పోతాది. ఒగోసారి ఎడమ చెయ్యి గూడా గుంజుతాది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“రెండు నెలలాయ.”

ఈ నాలుగు మాటలనూ పదో తరగతి ప్రశ్నపత్రంలో ఇస్తే మా స్కూల్లో సగంమంది పిల్లలు సరైన జవాబు రాస్తారు. వాళ్ళకు చెప్పింది నేనే. ఎక్కేటప్పుడు వచ్చి, నిలబడితే పోయే బరువు ఏమిటో నాకు తెలుసు. తెలిసినదాన్ని ఆ క్షణాన మనసు దగ్గరికి రానివ్వలేదు. నాయన కూర్చున్న గట్టు అక్కడికి కనిపిస్తూనే ఉంటుంది. అందుకని నేను వేరే ప్రశ్న వేశాను.

“తిన్నాక వస్తాదా, తినకముందా?”

“తిని నడిస్తే ఎక్కువ.”

“గ్యాసు,” అన్నాను.

వాడు బీడీ కట్టను జేబులో దోపుకున్నాడు. “నేను గూడా నీ మాదిరి రక్తపరీక్ష చేపిచ్చుకోవల్లనా అన్నా?”

“నీకెందుకురా? ఒగ తల్లి కడుపున పుట్టినోళ్ళం. ఒగ నాయన రక్తం. నాది అరవై రెండు ఉంటే నీది ఇంకా ఎక్కువే ఉంటాది. నేను కుర్చీలో కూర్చునేటోణ్ణి, నువ్వు పొద్దంతా ఒళ్ళొంచేటోడివి. బీడీలు రొంత తగ్గించు, చాలు.”

నేను ఈ మాటలు చెబుతున్నప్పుడు ఎదురుగా వాడి పొలంలో ఎండిపోయిన మూడు బోర్లూ కనబడుతూనే ఉన్నాయి. గొర్రెపిల్లలు పడకుండా వాటి మీద బండలు కప్పి ఉన్నాయి. నలభై అడుగుల దూరంలో నేల ఎంత మారిపోతుందో మా జిల్లాలో చదువు రాని మనిషికి కూడా తెలుసు. నాకు మాత్రం ఆ పూట ఒకే తల్లి, ఒకే నాయన తప్ప ఇంకేమీ తట్టలేదు.

తమ్ముడి మొహం తేటపడింది. “అయితే ఆ కాగితం నాకొగటి ఇయ్యన్నా. నా పెండ్లాము రోజూ చంపుతాండాది, టౌనుకు పోయి చూపిచ్చుకోమని. ఆయమ్మకు చూపిస్తా.”

బత్తలపల్లెకు బండిలో వెళ్ళి జిరాక్సు తీయించి ఇచ్చాను. వాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీడీ కట్ట వెనక పెట్టుకున్నాడు. నాకు చాలా గొప్పగా అనిపించింది. నా ఆరోగ్యం తమ్ముడికి కూడా పనికొచ్చిందని బస్సులో తిరిగి వస్తూ అనుకున్నాను.

ఆ కాగితం ఏమేం పనులు చేసిందో నాకు తర్వాత తెలిసింది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, టౌనుకు పోదామని అన్నప్పుడల్లా తమ్ముడు దాన్ని బయటికి తీసేవాడు. “అన్న చెప్పినాడు, నాకేం లేదని,” అనేవాడు. అన్న చెప్పాడంటే ఆ ఇంట్లో ఇంక మాట ఉండదు. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవై ఏడేళ్ళలో నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఎరగదు. ఇంకోసారి ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చి తమ్ముడికి బీపీ చూసి, ఎక్కువగా ఉంది, ఆసుపత్రికి వచ్చి రక్తం కూడా చూపించుకో అందట. వీడు కవరు విప్పి కాగితం చేతిలో పెట్టాడు. మా అన్నదమ్ముల పేర్లు రెండూ ఒకే దేవుడివి, మొదటి సగం ఒకటే. రెండో సగం సరిగ్గా మడత దగ్గర పడి చెరిగిపోయింది. ఆమె చూసి, “చేపిచ్చుకున్నావు కదన్నా, మేలు,” అని, బీపీకి మాత్రం తప్పకుండా రమ్మని చెప్పి పక్కింటికి పోయింది. వీడు దానికీ పోలేదు.

ఆ ఏడాది ఆషాఢంలో ఒక మంచి వాన పడింది. మా వైపు ఒక వాన పడిందంటే పదును ఆరేలోపల విత్తాలి, లేకపోతే మళ్ళీ ఎప్పుడో. ఊరంతా చేన్లలోనే ఉంది. తమ్ముడు తెల్లవారకముందే వెళ్ళి, ట్రాక్టరు దగ్గరికి విత్తనాల మూటలు మోస్తున్నాడు. పది గంటలప్పుడు నాకు మరదలు ఫోన్ చేసింది. సరిగ్గా అప్పుడు నేను క్లాసులో గుండె పాఠం చెబుతున్నానని రాస్తే బాగుంటుంది గానీ, నేను స్టాఫ్ రూములో టీ తాగుతున్నాను.

“బావా, మీ తమ్మునికి చెమటలు కారిపోతాండాయి. రొమ్ము పట్టుకుని కూలబడినాడు. ఏం చేద్దాం?”

“పొద్దున ఏం తిన్నాడు?”

“సద్ది తాగినాడు.”

“గ్యాసు అయ్యింటాదిలే. ఇంటికి తీసుకుపోయి వాము నీళ్ళు కాంచి తాపు. రొంచేపు పండుకుంటే తగ్గిపోతాది. భయపడొద్దు, నేను సాయంత్రం వస్తా.”

కొన్ని క్షణాలు ట్రాక్టరు చప్పుడు మాత్రం వినపడింది, తర్వాత ఫోన్ ఆగిపోయింది. నేను టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, తొమ్మిదో తరగతికి పోయి మొక్కల వేర్ల గురించి చెప్పాను. పాఠం బాగానే చెప్పాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మళ్ళీ ఫోన్. “అనంతపురంలో ఉండాం బావా. రా,” అని ఆసుపత్రి పేరు చెప్పి పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి వరండాలో ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు, చీర అంచు నిండా ఎర్రమట్టి. టమాటా బాక్సులు ఎక్కించుకుని రోడ్డు మీద పోతున్న వ్యానుకు అడ్డం పడి ఆపిందట. కూలీలు బాక్సులు పక్కకు జరిపి తమ్ముణ్ణి ఎక్కించారు. బత్తలపల్లెలో ఈసీజీ తీసి, గుండెపోటు, నిమిషం ఆలస్యం చేయవద్దని అంబులెన్సులో ఇక్కడికి పంపారు. లోపల రక్తనాళంలో స్టెంటు వేస్తున్నారు. రేషన్ కార్డు కాగితం మీద వేలు పెట్టాలన్నా నాకు ఫోన్ చేసి అడిగే మనిషి, ఆపరేషన్ కాగితాల మీద తానే సంతకం పెట్టేసింది.

కాసేపటికి ఒక డాక్టరమ్మ బయటికి వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులోంచి తీసిన జిరాక్సు.

“పేషెంటు జేబులో ఉంది ఇది. హెచ్.డి.ఎల్. అరవై రెండు. మేం ఇప్పుడు చూస్తే ఇరవై తొమ్మిది వచ్చింది. ఏడు నెలల్లో ఇంత పడిపోదే?” అని కాగితాన్ని తిప్పి చూసింది. “వయసు కూడా యాభై ఆరు అని ఉంది. ఈమె యాభై రెండు అంటోంది. ఏది నిజం?”

“అది నాదమ్మా,” అన్నాను.

“ఏది మీది?”

“ఆ రిపోర్టు.”

“మీ రిపోర్టు ఆయన జేబులో ఎందుకుంది?”

నా దగ్గరున్నది ఒక డాక్టరుతో పైకి అనగలిగే జవాబు కాదు. మరదలు తల వంచుకుని ఉంది. ఆ అమ్మాయి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“మీరేం చేస్తుంటారు?”

“టీచర్ని.”

“ఏం సబ్జెక్టు?”

తెలుగు అని చెబుదామా అని ఒక క్షణం నిజంగానే ఆలోచించాను. “బయాలజీ,” అన్నాను.

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. వేలితో కాగితం మీద పై వరస చూపించింది. “మీ ఎల్.డి.ఎల్. నూట డెబ్బై నాలుగు ఉంది. దీని గురించి ఎవరికైనా చూపించారా?”

“మంచిది బాగుంది కదా అని...”

“మంచిది తక్కువైతే జాగ్రత్తపడమని చెప్పే గుర్తు సార్. బీడీ తాగేవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు తగ్గుతుంటుంది, మీ తమ్ముడికి రెండూ ఉన్నాయి. అంతమాత్రాన అది ఎక్కువుంటే మీకేం కాదని కాదు. చెడ్డది చేసే పని అది చేస్తూనే ఉంటుంది. మాత్రలు వేసి మంచిదాన్ని పెంచినా గుండెపోట్లు తగ్గుతాయన్న నమ్మకం లేదు. బీపీ, షుగరు, పొగ, మీ నాన్నగారి చరిత్ర, అన్నీ కలిపి చూడాలి. మీ నాన్నగారు ఎట్లా పోయారు?”

“ఎండదెబ్బ అన్నారు,” అన్నాను మొదట. తర్వాత, “కాదు. గుండె,” అన్నాను.

ముప్ఫై ఏళ్ళలో నాయన గురించి నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. అనగానే నాకు ఏడుపు వచ్చేసింది. మందుల షాపు పక్కన, నా పాత విద్యార్థులు ఎవరైనా చూస్తారేమోనన్న స్పృహ కూడా లేకుండా ఏడ్చాను. వాడు లోపల ఏమైనా అయిపోతే ఆ పని చేసింది నేనే. రోగం కాదు, నేను. రెండు నెలలుగా బరువుగా ఉందని నన్ను అడిగాడు. పొద్దున పది గంటలకు ఆమె నన్ను అడిగింది. రెండుసార్లూ గ్యాసన్నాను.

వాడు బతికాడు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ మరదలితో చెప్పింది. నాతో చెప్పలేదు.

మూడో రోజు వార్డులో వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక దుప్పటి సర్దుతున్నాను. వాడే అన్నాడు.

“నువ్వు కుమిలిపోవాకన్నా. నాకు తెలుసు.”

“ఏం తెలుసురా?”

“డాక్టరు దగ్గరికి పోతే ఉండాదంటాడు. నిన్నడిగితే లేదంటావు. అందుకే నిన్నడిగినా.” గొంతు తగ్గించాడు. “నాయన వయసు వస్తాండాదని నాకు శానా భయమయ్యింది.”

“నాకూ భయమేరా,” అన్నాను. “నీకు ఉండాదని తేలితే నాకూ ఉంటాదని.”

వాడు కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వాడు. ఇద్దరం అన్నదమ్ములమని ఆ పరీక్షలో మాత్రం సరిగ్గా తేలింది.

ఆ వారంలోనే నాకూ అన్ని పరీక్షలూ చేశారు. గుండె ఎంత తట్టుకుంటుందో చూడటానికి ట్రెడ్‌మిల్ బెల్టు మీద నడిపించారు. ఈసారి కాగితాన్ని మడవకుండా మొత్తం చదివాను. రోజూ రాత్రి ఒక మాత్ర రాసిచ్చారు, వేసుకుంటున్నాను. గ్రౌండులో మా వాళ్ళకు జరిగింది జరిగినట్లు చెప్పాను. కండక్టరన్న ఆ రోజు బండి దగ్గర ఆగలేదు. మరుసటి వారం ఆయనా, ఇంకో ఇద్దరూ పోయి పరీక్షలు చేయించుకున్నారు. నా ఉపన్యాసాలన్నింటికీ కలిపి వచ్చిన ఫలితం అదొక్కటే. ఉగ్గాని ఇప్పటికీ తింటాను, బజ్జీ వైపు చూస్తాను గానీ ముట్టుకోను. చాలాసార్లు ముట్టుకోను.

తమ్ముణ్ణి ఇంటికి తీసుకుపోయిన తర్వాత మొదటి ఆదివారం ఊరికి వెళ్ళాను. ఊరికే వెళ్ళలేదు. ఒక అట్టముక్క మీద మాత్రల పట్టిక రాసుకుని వెళ్ళాను. పొద్దుటివి నీలం, రాత్రివి ఎరుపు, పక్కన ప్రతి మాత్రా గుండెలో ఏం పని చేస్తుందో రెండు ముక్కలు. మరదల్ని పిలిచి పాఠం మొదలుపెట్టాను. ఆమె రెండు నిమిషాలు ఓపిగ్గా విని, గూట్లోంచి ఒక డబ్బా తెచ్చి మూత తీసింది. ఒక్కో అట్టా చేతిలోకి తీసుకుని, ఇది రక్తం గడ్డకట్టకుండా, ఇది కొవ్వుకు, ఇది బీపీకి, ఇది షుగరుకు, ఇది ఆపితే స్టెంటు మూసుకుపోతుంది కాబట్టి ఒక పూట కూడా మానకూడదు అని వరసగా చెప్పింది. ఒక్కటి కూడా తప్పు లేదు. నా పట్టికలో ఒకటి తప్పుంది, అదీ చూపించింది.

తర్వాత డబ్బా మూసి, నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“బావా, ఒగ మాట చెప్పల్ల.”

“చెప్పమ్మా.”

“ఈ ఇంట్లో కాలు పెట్టినప్పట్నుంచి నీ మాట ఎన్నడూ దాటలే. ఆ పొద్దు గూడా నువ్వు చెప్పినాక, వాము నీళ్ళు కాంచుదామని ఇంటి దిక్కు రెండడుగులు ఏసినా. ఎనక్కి తిరిగి మనిషి రంగు చూసినా. నువ్వు ఫోన్లో చూడలే కదా బావా. నేను చూసినా.”

ఆమె గొంతులో కోపం లేదు. జరిగింది చెబుతోంది, అంతే. కోపం ఉంటే నేను ఏదో ఒక సంజాయిషీ వెతుక్కునేవాణ్ణి. బయట తమ్ముడు ఎవరితోనో వాన గురించి మాట్లాడుతున్నాడు.

“ఇంకెప్పుడన్నా ఈ ఇంట్లో ఎవరికన్నా ఇట్లయితే నన్నడగొద్దమ్మా,” అన్నాను. “ముందు బండెక్కించు.”

లేదు బావా, అట్లెందుకంటావు, నువ్వు పెద్దోడివి అంటుందేమోనని నాలో ఇంకా ఒక మూల ఆశ ఉంది.

“అడగను బావా,” అంది వెంటనే.